అర మాత్ర

ఇంట్లో కూర్చుని బంగాళాదుంపలకు చెక్కు తీయడానికి కాళ్లకు బూట్లు, భుజాన సంచీ అక్కర్లేదు. ఆ సంగతి కోడలికి తెలుసు. అయినా ఆ రెండూ తగిలించుకుని, ముందు గదిలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, తాపీగా చెక్కు తీస్తోంది. భర్త తల తుడుచుకుంటూ స్నానాలగదిలోంచి వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు. తమరెవరు, ఎవరి కోసం వచ్చారు అని మర్యాదగా అడిగాడు. ఈ ఇంటి ఇల్లాలి కోసం వచ్చానని, ఆవిడ ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటుందని విన్నానని ఆమె తల ఎత్తకుండా చెప్పింది. అతను తువ్వాలు ఆరేయడానికి వెళ్లిపోయాడు.

ఈ వేషమంతా దొర కోసం. దొర వాళ్ల కుక్క. పెద్ద తల, గోధుమ రంగు ఒళ్లు, నడిస్తే వీధి మొత్తం తన పేర రాసి ఉన్నట్టు ధీమా. దానికి భయమంటూ ఒకటుందని చూసినవాళ్లెవరూ అనుకోరు. ఉన్న భయమల్లా కోడలు గడప దాటుతుందేమోనని. ఆమె బూట్ల వైపు చెయ్యి చాపితే చాలు, దాని దొరతనమంతా జారిపోయేది. చెవులు వెనక్కి వాలేవి, చొంగ తీగలు సాగేది, నాలుగు కాళ్లూ వణికేవి. తలుపు మూసుకున్నాక లేచే ఊళకి పై అంతస్తు కిటికీలు కూడా తెరుచుకునేవి. ఇంట్లో అత్తగారున్నా, ఆవిడ కొడుకున్నా దానికి ఆనేవారు కాదు.

పశువుల డాక్టరమ్మ దీనికి రోజూ పొద్దున తిండితో ఒక మాత్ర రాసిచ్చింది. దాంతోపాటు ఈ బూట్ల విద్య కూడా నేర్పింది. బూట్లు వేసుకుని ఎక్కడికీ వెళ్లకండి, సంచీ తగిలించుకుని భోజనం చేయండి, వాటిని చూసి చూసి దానికి విసుగెత్తిపోవాలి అంది. మాత్ర పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, తొందరపడొద్దని కూడా చెప్పింది. ఆ వారాలు గడిచిపోయాయి. ఇంతవరకు బూట్లను చూసి విసుగెత్తింది అత్తగారొక్కరికే.

సోమవారం నుంచి కోడలు ఉద్యోగానికి వెళ్లాలి. పెద్ద ఉద్యోగమేం కాదు. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే గదిలో ఒంటిపూట పని. అట్ట ఊడిన నిఘంటువొకటి ఇచ్చి కుట్టి చూపించమంటే కుట్టి చూపించింది. అక్కడి లైబ్రేరియను ఆ పుస్తకాన్ని తెరిచి, మూసి, వీపు మీద బొటనవేలితో రుద్ది చూసి, ఎప్పుడు రాగలరు అని అడిగాడు. ఆ మాటను ఆమె ఇంటికొచ్చేదాకా పిప్పరమెంటులా చప్పరిస్తూనే ఉంది. పెళ్లయ్యాక ఆమెను ఎప్పుడు రాగలరని అడిగినవాళ్లు లేరు. ఎప్పుడొస్తావని అడిగినవాళ్లే అందరూ.

దుంపలయ్యాక ఆమె లేచింది. పళ్లెం వంటగట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఏదో మరిచిపోయి వెళ్తున్నదానిలా గడప దాటి తలుపు దగ్గరికి వేసింది. మెట్ల మీద గోడకి ఆనుకుని నిలబడింది. లోపల గోళ్లు నేల మీద గీసుకున్నాయి. తలుపు అడుగున ఊపిరి బుసకొట్టింది. తర్వాత ఊళ లేచింది. ముందు సన్నగా, ఆపైన గుక్క తిప్పుకోకుండా.

పై నుంచి ఇంటి ఓనరమ్మ దిగి వచ్చింది. ఆవిడ కోపంగా మాట్లాడదు, అదే చిక్కు. దొరంటే తనకెంత ముద్దో ముందు చెప్పింది. పక్క వాటాలో పసిబిడ్డ ఉందని, ఆ తల్లికి పగలే కాస్త కునుకు పడుతుందని చెప్పింది. సోమవారం నుంచి రోజూ ఈ కచేరీ ఉంటుందా అని అడిగింది. ఉంటే మాత్రం, తాను ఏమీ అనలేకపోయినా మిగతా వాటాల వాళ్లు ఊరుకోరని, దొరను వేరే ఎక్కడైనా పెట్టుకోమంటారని బాధపడింది.

"మీరింట్లో ఉన్నంతసేపూ వాడెంత బుద్ధిమంతుడో," అంది చివరికి. "మీరే ఉండిపోకూడదూ?"

కోడలు తలుపు తీసింది. ఊళ ఠక్కున ఆగింది. అదే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది.

భోజనాల దగ్గర భర్త కూడా ఆ మాటే అన్నాడు, కాకపోతే మెత్తగా. గ్రంథాలయం ఎక్కడికీ పారిపోదన్నాడు. దొర కాస్త కుదుటపడ్డాక, వచ్చే ఏడాది చూసుకోవచ్చన్నాడు. అత్తగారు పళ్లెంలోకి చూస్తూ తింటోంది. కోడలు కూడా తింటోంది. ఆమె భుజాన సంచీ అలాగే ఉంది.

*

మర్నాడు దొరను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పొట్టి జుట్టు మనిషి, మాట తక్కువ. కుక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముందు దానితో పరిచయం చేసుకున్నాకే మనుషుల వైపు చూస్తుంది. దొరను కాటా మీద నిలబెట్టింది. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. తింటోందా, నీళ్లు తాగుతోందా, పగలు మరీ నిద్రపోతోందా, నడుస్తూ తూలుతోందా అని వరసగా అడిగింది. తినడంలో, తాగడంలో దానికి ఏ లోటూ లేదని, తూలడం తాను చూడలేదని కోడలు చెప్పింది.

"ఇన్నాళ్లయింది కదా, కొంతయినా తేడా కనిపించాలి," అంది డాక్టరమ్మ. "మాత్ర ఎవరిస్తున్నారు?"

"మా అత్తగారు. ఆవిడ పొద్దున తన మందులు వేసుకునే వేళకే దీనికీ వేస్తారు. ఒక్క రోజూ మరవలేదు."

"మింగడం మీరు చూస్తున్నారా? కొన్ని దవడలో దాచి, మనం అటు తిరగ్గానే సోఫా కింద ఉమ్మేస్తాయి."

చూస్తున్నానని కోడలు చెప్పింది. అది అబద్ధమని ఆమె అనుకోలేదు. అత్తగారు గుడ్డుసొనలో మాత్ర పెట్టి దొర నోటికందించడం ఎన్నోసార్లు ఆమె కళ్లబడింది. సొన లోపల ఏముందో చూడలేదు, అంతే. చూస్తానని వెళ్లి వంగితే ఆవిడ ఏమనుకుంటుంది? ఉప్పు డబ్బా దగ్గర్నుంచి బీరువా తాళం దాకా ఆ ఇంట్లో ఆవిడ చేసిన పనిని మళ్లీ సరిచూసినవాళ్లు లేరు. సరిచూడటమంటే నమ్మకం లేదని మొహం మీద చెప్పడమే.

డాక్టరమ్మ మందుల చీటీ తీసుకుంది. ఒకటి పడుతోంది, దానివల్ల ఇబ్బందేమీ లేదు, అయినా గుణం కనిపించడం లేదు కాబట్టి రేపట్నుంచి రెండు చేద్దామంది. దొర బరువుకి అది మించిపోయే మోతాదు కాదని చెప్పింది. ఏ పూటైనా మరిచిపోతే మర్నాడు కలిపి ఇవ్వొద్దు, మాకు మేమే తగ్గిస్తాం, మానేస్తాం అనొద్దు, ఇంట్లో వాళ్ల మందుల పక్కన వీటిని పెట్టొద్దు, తూలినా వాంతి చేసుకున్నా మరీ చిరాకుపడినా వెంటనే ఫోన్ చేయండి అని ఒక్కొక్కటే చెప్పింది. కోడలు ఒక్కొక్కదానికీ తల ఊపింది. సోమవారం నాటికి గుణం కనిపిస్తుందా అని అడిగింది. సోమవారం సంగతి మాత్రకు తెలియదమ్మా అంది డాక్టరమ్మ.

*

శనివారం పొద్దున కోడలు అత్తగారికంటే ముందే వంటింట్లోకి వెళ్లింది. గుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన వేళ్లతో మెదిపి చిన్న ఉండలు చేసింది. డాక్టరమ్మ చెప్పిన కిటుకది. ముందు ఉత్త ఉండ, తర్వాత మాత్ర ఉన్నది, దాని వెనకే ఆలస్యం లేకుండా ఇంకో ఉత్త ఉండ. మూడోది కనబడుతుంటే రెండోదాన్ని కుక్క నమలకుండా మింగేస్తుంది. పుస్తకాల వీపులకు జిగురు పూసే చేతులు కనుక ఉండలు గోళీల్లా నున్నగా వచ్చాయి.

అత్తగారు కళ్లజోడు సవరించుకుంటూ వచ్చింది. తన పని తన కంటే ముందే జరిగిపోతూ ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ రోజు నుంచి తాను ఇస్తానని, మోతాదు పెరిగిందని కోడలు చెప్పింది.

"పెరగడమేంటి? ఎంత?"

"రెండత్తయ్యా."

అత్తగారు గడప దాటి లోపలికి వచ్చింది. ఈ రోజుకి ఒకటి చాలదా అని అడిగింది. ఎండ ఎక్కువగా ఉంది, రేపట్నుంచి మొదలుపెడితే ఏం పోతుంది అంది. పోనీ ఒకటిన్నర వేయమంది. కూరగాయల బండి దగ్గర కూడా ఆవిడ అంత బేరమాడటం కోడలు ఎప్పుడూ వినలేదు. అర్థమైందిలే అనుకుంది లోపల. భర్త, ఓనరమ్మ, ఇప్పుడు ఈవిడ. దొర భయం తగ్గకపోతే అందరికీ అన్నీ ఉన్నచోటే ఉంటాయి.

"డాక్టరుగారు చెప్పారత్తయ్యా," అంది. ఆ ఇంట్లో ఆ గొంతు ఇంతకుముందు ఎవరూ విననిది. ఆమె కూడా విననిదే.

అత్తగారు తన గదిలోకి వెళ్లిపోయింది. దొర మూడు ఉండలూ మింగి, ఖాళీ చేతిని కూడా శుభ్రంగా నాకింది.

మధ్యాహ్నం కోడలు ముందు గదిలో కూర్చుని, పాత పాఠ్యపుస్తకమొకటి విప్పి మళ్లీ కుట్టడం సాధన చేస్తోంది. దొర చాప మీద పడుకుని ఉంది. ఇంత ప్రశాంతంగా పడుకోవడం ఎన్నాళ్లకో అనుకుని ఆమె మనసులో సోమవారాన్ని ఒక అడుగు దగ్గరికి జరుపుకుంది. అప్పుడే దొర నీళ్ల కోసం లేచింది. ముందు కాళ్లు లేచాయి. వెనక కాళ్లు నున్నటి గచ్చు మీద చెరో పక్కకీ జారిపోయాయి. మళ్లీ లేచి గోడకి భుజం ఆన్చి నిలబడి, గిన్నె ఎటుందో తెలియనట్టు చూసింది. రెండడుగులు వేసి, చతికిలబడిపోయింది.

ఆమె చేతిలో సూది ఎక్కడ పడిందో తెలియదు. నేల మీద దాని పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకుంది. దొరా అని పిలిస్తే తోక కొద్దిగా కదిలింది. తల ఎత్తలేకపోయింది.

అత్తగారు తన గదిలోంచి వచ్చింది. చేతిలో పాత కళ్లజోడు పెట్టె ఉంది. కోడలి ఎదురుగా నేల మీద కూర్చోవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. కూర్చుని పెట్టె మూత తెరిచి ముందు పెట్టింది. లోపల తెల్లటి అరమాత్రలు, వంకాయ తరిగే కత్తితో కోసినవి, అంచులు పొడి రాలి ఉన్నాయి.

"నేను సగమే వేశానమ్మాయ్," అంది. "మొదట్నుంచీ."

కోడలికి కోపం రావడానికి కూడా తీరిక లేకపోయింది. ఫోన్ అందుకుంది. డాక్టరమ్మ ఎత్తగానే, తాను నిన్న చెప్పింది తప్పని, ఇన్నాళ్లూ పడింది అర మాత్రేనని, ఈ రోజు ఒక్కసారిగా రెండు పడ్డాయని ఒక్క గుక్కలో చెప్పేసింది. డాక్టరమ్మ తిట్టకుండా పని చెప్పడం మొదలుపెట్టింది. పెదవి ఎత్తి చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడమంది. కోడలు చూసింది, గులాబీ రంగులోనే ఉన్నాయి. పక్కటెముకల మీద చెయ్యి వేసి ఊపిరి ఎలా ఆడుతోందో చూడమంది. నెమ్మదిగా, ఒకే తీరుగా ఆడుతోంది. పిలిస్తే పలుకుతోందా అంది. తోక ఊపుతోందని చెప్పింది. అయితే భయపడొద్దు, నిద్రమత్తు అది, దిగుతుంది అంది. వాంతి చేయించాలని చూడొద్దు, పాలూ గీలూ పట్టొద్దు, నేల మీదే ఉంచండి, మెట్ల వైపు అడ్డం పెట్టండి, సరిగ్గా నడిచేదాకా తిండి పెట్టొద్దు, అడిగితే కొద్దిగా నీళ్లు, పక్కన ఒక మనిషి. ఊపిరి వేగం పెరిగినా, మూర్ఛలా ఒళ్లు కొట్టుకున్నా, పిలిస్తే పలక్కపోయినా ఎత్తుకుని వచ్చేయండి. లేకపోతే రేపు తీసుకురండి. అప్పటిదాకా ఒక్క మాత్ర కూడా వద్దు.

భర్త భోజనాల బల్ల కుర్చీలన్నీ మోసుకొచ్చి మెట్ల వైపు గుమ్మానికి అడ్డంగా కోట కట్టాడు. తర్వాత ఇంకేం చేయాలో తోచక, కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, టీ పెడతానని వంటింట్లోకి పోయాడు. టీ పొడి ఎక్కడుందని రెండుసార్లు అడిగాడు.

అత్తాకోడళ్లు దొరకు చెరో పక్కా కూర్చున్నారు. దాని పొట్ట పైకీ కిందకీ ఆడుతోంది. ఇద్దరూ అదే చూస్తున్నారు.

"ఎందుకత్తయ్యా?" అంది కోడలు.

అత్తగారు కుక్క చెవిని వేళ్ల మధ్య మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"మీ మామగారు పోయాక నాకూ ఇచ్చారు మాత్ర. నువ్వే గ్లాసు పట్టుకుని నిలబడేదానివి, నేను మింగేదాకా."

మీకు నిద్ర పట్టడం లేదని ఇచ్చామని కోడలు అంది. అంటున్నప్పుడే ఆ మాట తనకే చప్పగా వినపడింది.

"నిద్ర కాదమ్మాయ్ నాక్కావలసింది. ఆయన గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉండేది. నేను నోరు తెరిచేసరికి మీకు మాత్ర వేళ గుర్తొచ్చేది." అత్తగారు కోపంగా చెప్పడం లేదు, నిన్నటి పాలు విరిగిపోయాయని చెప్పినట్టే చెబుతోంది. "అమ్మ కుదుటపడిందని వాడు ఫోన్లో అందరికీ చెప్పేవాడు. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ, వింటూనే ఉన్నాను. వీడికీ అందుకే ఇస్తున్నారనుకున్నా. అరవకుండా పడేసి తలుపేసుకుని వెళ్లడానికి. మొత్తం మానేద్దామంటే నువ్వు నమ్మి నా చేతికిచ్చావు. మొత్తం వేద్దామంటే చెయ్యి రాలేదు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో టీ ట్రే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉన్నాడు.

కోడలికి ఆ రోజులు గుర్తొచ్చాయి. గ్లాసు గుర్తొచ్చింది, అంచుకు నీలం గీత ఉండేది. అత్తగారి మొహం ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

"మింగారా లేదా అనే చూశాను," అంది చివరికి. "మిమ్మల్ని చూడలేదు."

అత్తగారు దొర మీద నుంచి చెయ్యి తీసి, కోడలి మోకాలి మీద ఒకసారి తట్టి, మళ్లీ దొర మీదే వేసింది. సాయంత్రానికి దొర లేచి గోడ సాయం లేకుండా గిన్నె దాకా నడిచింది. నీళ్లు తాగి, తల తిప్పి, మెట్ల వైపు కుర్చీల కోటను చూసి, ఇదెవరి పని అన్నట్టు భర్త వైపు చూసింది.

*

ఆదివారం డాక్టరమ్మ దగ్గరికి అత్తగారు కూడా వచ్చింది. రమ్మని ఎవరూ అనలేదు. మంచి చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టె పట్టుకుని, అందరికంటే ముందు వెళ్లి రిక్షాలో కూర్చుంది.

డాక్టరమ్మ దొర చేత గది పొడవునా నడిపించి చూసి, బాగానే ఉందంది. పెట్టెలోని అరమాత్రలన్నీ తీసుకుని మందుల చెత్తలో వేసింది. మీరు చెప్పకపోతే నేనింకా పెంచుకుంటూ పోయేదాన్నని, వేళకు చెప్పారు కాబట్టి సరిపోయిందని అత్తగారితో అంది. అత్తగారు ఆ మాటకి పొంగిపోలేదు. తిన్నగా అసలు విషయానికి వచ్చింది.

"ఈ మాత్ర వాడి భయం తగ్గడానికా, వాడు పడుకోవడానికా?"

డాక్టరమ్మ ఆవిడ వైపు కుర్చీ తిప్పుకుంది. "భయం తగ్గడానికండీ. రోజంతా మత్తుగా పడుంటే మోతాదు తప్పని అర్థం, అప్పుడు మీరు నాకు చెప్పాలి. మేలుకునే ఉండాలి, తినాలి, ఆడాలి, మీ మీద అలగాలి. తలుపు మూసుకున్నప్పుడు మాత్రం కొంప మునిగిపోయిందనుకోకూడదు. అంతే ఈ మాత్ర పని."

మనుషులకు మందులిచ్చే డాక్టర్లు కూడా ఇంత వివరంగా చెబితే బాగుండునంది అత్తగారు. కోడలు కిటికీలోంచి బయటికి చూసింది.

ఈ రోజు ఏమీ వద్దని, రేపట్నుంచి మళ్లీ దానికి అలవాటైన ఆ సగమే ఇమ్మని, కొన్ని రోజులయ్యాక చూసి ఒకటి చేద్దామని డాక్టరమ్మ చెప్పింది. అయితే తాను వేస్తున్న మోతాదే ఖాయమైందన్నమాట అని అత్తగారు కొడుకు వైపు తిరిగి అంది. కొడుకు నేల చూపులు చూశాడు. కోసే పని మాత్రం కత్తితో వద్దని, మాత్రలు కోసే చిన్న డబ్బా ఒకటి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది.

వాళ్లు బయల్దేరబోతూ ఉంటే, ఇంకొకటి అడగడం మరిచానంది డాక్టరమ్మ, కోడలి వైపు చెయ్యి చూపిస్తూ. ఈవిడ బయటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లేం చేస్తున్నారు?

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భర్త ఆఫీసులో ఉంటాడు. అత్తగారు ఊళ వినలేక తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. చెవుల్లో దూది పెట్టుకుంటుందని కూడా ఆవిడే ఒప్పుకుంది.

"అంటే ఒకరు వీధి తలుపు వేస్తున్నారు, ఇంకొకరు గది తలుపు వేస్తున్నారు," అంది డాక్టరమ్మ. "వెళ్లడం సాధన చేశారు గానీ, దాని దగ్గర ఉండటం ఎవరూ సాధన చేసినట్టు లేరు. మీరు దాని పక్కన కూర్చోండి పెద్దమ్మా. బుజ్జగించొద్దు. మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడను?"

"మీ ఇష్టం. దానికి అన్నీ ఆసక్తే."

ఇంటికి వచ్చాక కోడలు ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. లైబ్రేరియనుకి చెప్పాల్సిన మాటలు లోపల కూర్చుకుంటోంది. రెండు వారాలు గడువడిగితే ఇస్తాడేమో. ఇవ్వకపోతే ఇంకొకరిని చూసుకుంటాడు. అత్తగారు వచ్చి పక్కన నిలబడింది. ఎవరికని అడిగింది. కోడలు చెప్పింది.

"నేనేం పనికిరానా?" అంది అత్తగారు.

కోడలు ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

*

సోమవారం పొద్దున మాత్ర అత్తగారే ఇచ్చింది. కోడలు పక్కన నిలబడి చూసింది. చూడమని అత్తగారే పిలిచింది, సొన విడదీసి లోపలున్న సగాన్ని చూపించింది, మింగాక దవడ పక్కకి లాగి చూపించింది. తర్వాత కోడలి కళ్లలోకి సూటిగా చూసి, సరేనా అంది. సరే అంది కోడలు. ఇద్దరికీ అదేమంత అవమానంగా అనిపించలేదు. మాత్రల డబ్బా అత్తగారి మందులకు దూరంగా, పై అరలోకి వెళ్లింది.

కోడలు బూట్లు వేసుకుంది. దొర లేచింది. చెవులు వెనక్కి వాలాయి. అత్తగారు వీధి తలుపుకి కాస్త దూరంగా చాప పరుచుకుని, గోడకి వీపు ఆన్చి కాళ్లు చాపుకుని కూర్చుంది. బోలుగా ఉన్న రబ్బరు బొమ్మలో ఉడికిన బంగాళాదుంప కూరి పక్కన పెట్టుకుంది. కోడలు వెళ్లొస్తానని చెప్పలేదు, చెప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది. తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగి, మలుపులో ఆగిపోయింది.

గోళ్ల చప్పుడు. తలుపు అడుగున బుస. సన్నటి మూలుగు లేచి, ఊళగా మారబోయి, సగంలో తడబడింది. మళ్లీ లేచింది. అప్పుడు లోపల అత్తగారి గొంతు మొదలైంది. మాటలు అర్థం కావడం లేదు. బుజ్జగింపు కాదు, పిలుపు కాదు, ఎవరితోనో తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నట్టుంది. మధ్యలో ఒకచోట ఆవిడ చిన్నగా నవ్వింది. మూలుగు ఇంకొకసారి వచ్చింది, ఈసారి తలుపు దగ్గర్నుంచి కాదు, కాస్త లోపల్నుంచి. తర్వాత రబ్బరు బొమ్మ గచ్చు మీద దొర్లిన చప్పుడు వచ్చింది.

పై నుంచి ఓనరమ్మ దిగుతోంది. మలుపులో కోడలిని చూసి, చెవి ఒగ్గి, కంగారుపడింది.

"దొరకి ఒంట్లో బాగాలేదా?"

బాగానే ఉందని, అత్తగారు కబుర్లు చెబుతున్నారని కోడలు చెప్పింది. ఎవరితో అని ఓనరమ్మ అడిగింది. ఆ ప్రశ్న ఓనరమ్మకే వదిలేసి, కోడలు వీధిలోకి వచ్చింది.

గ్రంథాలయంలో పనిగది వెనక వైపు ఉంది. పొడుగు బల్ల, కిటికీ, జిగురు వాసన. లైబ్రేరియను ఆమె ముందు అట్లాసులు, బొమ్మల కథలు, ఎవరో టీ ఒలకబోసిన చరిత్ర పుస్తకం గుట్టగా పెట్టి వెళ్లాడు. ఆమె చిరిగిన పుటల్ని ఒద్దికగా కలిపి, పల్చటి కాగితపు పట్టీ వేసి, మడతలు నొక్కే ఎముక బద్ద అంచుతో రుద్దింది. చేతులు పనిలో ఉన్నాయి. చెవులు ఇంట్లో ఉన్నాయి. విరామం రాగానే కుడిచేత్తో జిగురు బ్రష్షు పట్టుకుని, ఎడమచేత్తో ఇంటికి ఫోన్ చేసింది.

రెండుసార్లు అరిచాడు అంది అత్తగారు. మొదటిది పెద్దదే, పక్క వాటా పసిబిడ్డ కూడా లేచి జవాబిచ్చింది. రెండోది లాంఛనానికి. ఆ తర్వాత దుంపంతా నాకేశాడు, చాప మీదకొచ్చి తన కాలికి వీపానించి కూర్చున్నాడు. పడుకోలేదు. మెలకువగానే ఉన్నాడు. గుమ్మం వైపు చూస్తున్నాడు, మళ్లీ తన మొహం వైపు చూస్తున్నాడు. అడుగు తడబడలేదు, చిగుళ్లు కూడా బాగున్నాయి. ఆవిడ అన్నీ చెప్పేసింది. కోడలు అడగాల్సినవన్నీ అయిపోయాయి. మామూలుగా అయితే ఉంటానత్తయ్యా అనేసేది.

"మీరేం చేస్తున్నారత్తయ్యా?" అంది.

అవతల దొర ఊపిరి దగ్గరగా వినపడింది.

"వీడికి మీ మామగారి సంగతి చెబుతున్నా," అంది అత్తగారు. "ఆయన మొదటిసారి సైకిలు కొన్నప్పటి సంగతి. తొక్కడం రాదు, ఆ మాట నాతో చెప్పడానికి మొహమాటం. నన్ను వెనకాల ఎక్కమన్నాడు. నీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

"లేదత్తయ్యా," అంది కోడలు. "ఎక్కారా మరి?"

అత్తగారు మొదలుపెట్టింది. కోడలు కుర్చీ కిటికీ వైపు జరుపుకుని కూర్చుంది. గుమ్మంలోంచి లైబ్రేరియను తొంగిచూసి, ఆమె మొహం చూసి, వెళ్లిపోయాడు. బ్రష్షు మీద జిగురు ఎండిపోతోంది. తర్వాత కడుక్కోవచ్చు.